చీమ గింజ దాస్తుందా?

బడిపిల్లలు అడిగే ఈ ప్రశ్న మీద ఐరోపా పండితులు నూరేళ్లకు పైగా తగవులాడారు.

ఈసపు కథలో చీమ గింజ దాచింది. బైబిలు సామెతల్లోనూ దాచింది. యూదుల ధర్మశాస్త్రం మిష్నా అయితే చేలో చీమల కన్నాల్లో దొరికే ధాన్యం ఎవరిదో కూడా తేల్చింది: కోయని చేలో ఉంటే ఆసామిది, కోతగాళ్లు దాటిపోయాక పైన ఉన్నది పరిగె ఏరుకునే పేదలది, అడుగున ఉన్నది ఆసామిది. వాటాలు వేసేంత గింజ దొరక్కపోతే ఇంత తీర్పు దేనికి?

ఇంగ్లండులో విలియం గూల్డ్ అనే మతగురువు తన దేశపు చీమల్ని ఓపిగ్గా పరిశీలించి 1747లో పుస్తకం వేశాడు. ఆయనకు గింజల కొట్లు కనబడలేదు. చలికాలమంతా ముడుచుకు పడుండే జీవికి నిల్వతో పనేమిటన్నాడు. చీమలు నోట కరుచుకుపోయేవి వాటి పిల్లలున్న గూళ్లేనని, పాతకాలపువాళ్లు వాటినే గింజలనుకున్నారని పండితులు తేల్చేశారు. గూల్డ్ చూసింది నిజమే. చలిదేశపు చీమను పట్టుకుని లోకంలోని చీమలన్నిటికీ తీర్పు చెప్పడమే చిక్కు.

ఆ తీర్పు మనదేశంలో బెడిసింది. పుణెలో ఉన్న కల్నల్ సైక్స్, వానకు తడిసిన గడ్డిగింజల్ని చీమలు పైకి మోసుకొచ్చి ఎండబెట్టడం చూశాడు. వాన వెలిశాక కళ్లంలో రైతు చేసే పనే అది. 1835లో ఆ సంగతి అచ్చయింది. తర్వాత నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్, 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రకటిస్తూ గింజలు పోగుచేసే జాతుల్ని పేర్కొన్నాడు. మన కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఈయన పేరే. ఇంతా రాసినా ఐరోపాలో అనుమానం తీరలేదు. కాలనీల నుంచి వచ్చిన కబురంటే చులకన కాబోలు.

చివరికి ఆరోగ్యం కోసం దక్షిణ ఫ్రాన్సులోని మాంతోన్‌కు చేరిన మాగ్రిడ్జ్ అనే యువకుడు పుట్టలు తవ్వి, గింజల కొట్లు బయటపెట్టాడు. 1873 నాటి ఆయన పుస్తకంతో వాదం ముగిసింది. తడినేలలో గింజ మొలకెత్తదేం అన్న ప్రశ్నకూ ఆయన కొంత జవాబు పట్టాడు: మొలక తలెత్తితే చీమలు దాని కొస కొరికేస్తాయి, తడిసినవాటిని ఎండకేస్తాయి. ఎదిగిన చీమ గట్టి గింజను మింగలేదు, దాని గొంతులోకి దిగేది ద్రవమే. అందుకే గింజను నమిలి ముద్దచేసి పిల్లపురుగులకు పెడుతుంది.

గింజల మాట అటుంచితే, వంటింటి ప్రశ్న ఒకటుంది: నీళ్లపళ్లెంలో పెట్టినా మిఠాయికి చీమ ఎలా పడుతుంది? సైక్స్ ఇంట్లోనూ ఇదే గొడవ. బల్లకాళ్లు నీళ్లగిన్నెల్లో పెడితే ఈదుకుంటూ వచ్చాయి. కాళ్లకు టర్పెంటైన్ పూయించాడు. కొన్నాళ్లు రాలేదు. మళ్లీ మిఠాయి మీద కనబడితే కాపువేసి చూశాడు. చీమలు పక్కగోడ ఎక్కి, బల్లకన్నా పైకి చేరి, అక్కణ్నుంచి పట్టు వదిలేసి మిఠాయి మీద పడుతున్నాయి. ఆ జాతికి ఆయన అలుపెరగనిది అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు.