జీవాంజి దీప్తి

జీవాంజి దీప్తి (జననం: 2003) తెలంగాణకు చెందిన పారా అథ్లెట్. 400 మీటర్ల పరుగులో టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులు ఈ విభాగంలో పోటీ పడతారు.

తొలినాళ్లు: వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో కూలి కుటుంబంలో పుట్టారు. ఊళ్లో కొందరి హేళన భరిస్తూనే పెరిగారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె వేగాన్ని గుర్తించారు. తర్వాత హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ ఆమెను తీర్చిదిద్దారు.

విజయాలు: 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం గెలిచారు. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లలో పరుగు ముగించి, అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 సెకన్ల రికార్డును సెకనులో 5 వందో వంతుల తేడాతో చెరిపేశారు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో తుర్కియే క్రీడాకారిణి ఐసెల్ ఓండర్ హీట్స్‌లో ఆ రికార్డును అధిగమించారు. ఫైనల్లో దీప్తి 55.82 సెకన్లతో కాంస్యం సాధించారు. పారాలింపిక్స్‌లో పతకం అందుకున్న మేధో వైకల్యం గల తొలి భారతీయ క్రీడాకారిణి ఆమే.

గుర్తింపు: కేంద్ర ప్రభుత్వం 2024 సంవత్సరానికి అర్జున పురస్కారం ప్రదానం చేసింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నగదు, వరంగల్‌లో ఇంటి స్థలం, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం ప్రకటించింది. పల్లె పిల్లల్లోని ప్రతిభను బడి స్థాయిలోనే గుర్తించడం ఎంత అవసరమో ఆమె ప్రస్థానం చాటుతోంది.