మెయిల్ ఫిల్టర్

కంప్యూటర్‌కు చేరిన ఈమెయిళ్లను మనిషి ఒక్కొక్కటీ తెరిచి చూడనక్కర్లేకుండా, ముందే రాసిపెట్టిన షరతుల ప్రకారం వేరువేరు ఫోల్డర్లలోకి చేర్చే ఏర్పాటే మెయిల్ ఫిల్టర్. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం దీన్ని ఫిల్టర్ అంటుంది, ఔట్‌లుక్ రూల్ అంటుంది. ఏ పేరుతో పిలిచినా లోపల ఉండేవి రెండే: ఒక షరతు, ఒక పని. పంపినవారి చిరునామాలో ఫలానా మాట ఉంటే, ఫలానా ఫోల్డర్‌లో వెయ్యి. కంప్యూటర్ పుట్టకముందే ఈ పని చేసినవాళ్లు తపాలా శాఖ సార్టర్లు. నరసరావుపేట, మాచర్ల, గురజాల లాంటి పల్నాటి ఊళ్ల పేర్లు ఆ రోజుల్లో వాళ్లను ఎలా తికమక పెట్టగలిగేవో, ఇవాళ ఫిల్టర్లనూ అలాగే పెడుతున్నాయి.

ఉత్తరాల కాలం

మన దేశంలో రైల్లోనే ఉత్తరాలు వేరుచేసే పద్ధతి 1863లో అలహాబాద్-కాన్పూర్ మధ్య మొదలైంది. అదే పెరిగి రైల్వే మెయిల్ సర్వీస్ అయింది. సార్టర్ ఎదుట గళ్ల బీరువా, చేతిలో ఉత్తరాల కట్ట. కవరు తెరిచే హక్కు ఆయనకు లేదు, తెరిచే తీరికా లేదు. పైన రాసిన చిరునామా ఒక్కటే ఆధారం. చేతిరాత గొలుసుకట్టుగా ఉన్నా, సిరా చెదిరినా, ఊరిపేరు ఇంకో ఊరిపేరులా కనబడినా ఉత్తరం దారి తప్పినట్టే. ఎవరికీ చేరని ఉత్తరాలకు ఒక ప్రత్యేక ఆఫీసు ఉండేది, పేరు డెడ్ లెటర్ ఆఫీసు. ఇప్పటి స్పామ్ ఫోల్డర్‌కు అది దూరపు చుట్టం. తేడా ఏమిటంటే, అక్కడ చిరునామా కోసం కవరు తెరిచి చూసే గుమాస్తా ఒకరు ఉండేవారు.

తెలుగునాట ఈ తికమకకు కొదవ లేదు. నరసరావుపేట, నరసన్నపేట, నరసాపురం, నర్సంపేట, నర్సీపట్నం: ఐదూ ఐదు జిల్లాల ఊళ్లు. ఇంగ్లీషులో గబగబా రాస్తే మొదటి నాలుగు అక్షరాల దాకా అన్నీ ఇంచుమించు ఒకటే. మాచర్లకూ మంచిర్యాలకూ ఇంగ్లీషు రాతలో ఉన్న తేడా రెండు మూడు అక్షరాలే. ఒకటి నాగార్జునసాగర్ పక్కన, ఇంకొకటి గోదావరి ఒడ్డున సింగరేణి సీమలో.

ఈ చిక్కు దేశమంతటా ఉన్నదే. దాన్ని తీర్చడానికి 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వెలంకర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా. ఆరంకెల్లో మొదటిది తపాలా మండలాన్ని చెబుతుంది. 5 అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. మొదటి మూడూ కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా: 522 అంటే గుంటూరు. చివరి మూడు పోస్టాఫీసువి. నరసరావుపేట 522601, మాచర్ల 522426, గురజాల 522415, పిడుగురాళ్ల 522413. భాష రాకపోయినా, ఊరు ఏ దిక్కున ఉందో తెలియకపోయినా 522 చూసిన సార్టర్ ఆ కవరును గుంటూరు గడిలో వేస్తాడు. షరతు, పని. కంప్యూటర్ పరిభాషలో చెబితే ‘522తో మొదలైతే’ అనే ఫిల్టర్ అది.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. కవర్ల మీద జిల్లా పేరు మారింది గాని 522 మారలేదు. మారాల్సిన అవసరమూ లేదు. తపాలా శాఖ అంకెకు కావలసింది ఉత్తరం వెళ్లే దారి, కలెక్టరేట్ ఎక్కడన్నది కాదు. కానీ అదే సమయంలో ఈమెయిల్ సబ్జెక్టులో ‘గుంటూరు’ అనే మాట చూసి పనిచేసే ఫిల్టర్ ఎవరైనా పెట్టుకుని ఉంటే, ఆ ఫిల్టర్ ఆ రోజు నుంచి కొత్త జిల్లా ఉత్తరాలను చప్పుడు చేయకుండా వదిలేస్తూ ఉంటుంది. పేరుకు కట్టిన నియమానికీ అంకెకు కట్టిన నియమానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

తెర మీదికి

రే టామ్లిన్‌సన్ 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మెయిల్ పంపాడు. ఏడేళ్లకే, 1978 మే నెలలో, డెక్ అనే కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ విభాగంలో పనిచేసే గ్యారీ థ్యూర్క్ తమ కొత్త యంత్రాల ప్రచారాన్ని దాదాపు 400 మందికి ఒకేసారి పంపాడు. అడగని ప్రకటనల మెయిల్‌కు అదే మొదటి ఉదాహరణగా చెబుతారు. 1982లో పీటర్ డెనింగ్ ‘ఎలక్ట్రానిక్ చెత్త’ గురించి రాశాడు. మెయిల్ పంపడం సులువయ్యేకొద్దీ చదవడం కష్టమవుతుందనేది అప్పటి నుంచీ ఉన్న గోలే.

తొలినాటి ఫిల్టర్లలో ఒకటి మెయిల్‌ది కాదు, యూజ్‌నెట్ అనే చర్చావేదికలది. 1984లో లారీ వాల్ రాసిన ఆర్‌ఎన్ అనే చదివే ప్రోగ్రాంలో ‘కిల్ ఫైల్’ ఉండేది. నచ్చని మనిషి పేరో, విసిగించే విషయమో అందులో రాసిపెడితే ఆ రాతలు ఇక కంటికి కనబడవు. అమెరికాలోని తెలుగువాళ్లు 1990లలో యూజ్‌నెట్‌లోనే తెలుగులో మాట్లాడుకున్నారు. లిపి లేదు కనుక రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో రాసుకున్నారు. అందులో ల కు చిన్న అక్షరం, ళ కు పెద్ద అక్షరం. త, ట లకూ అంతే. చిన్నాపెద్దా అక్షరాల తేడా చూడకుండా వెతికే ఫిల్టర్‌కు ‘కల’ అన్నా ‘కళ’ అన్నా ఒకటే.

మామూలు గుమాస్తా కూడా నియమాలు రాసుకోగలడని చూపింది ఎంఐటీలో థామస్ మలోన్ బృందం. వాళ్ల ‘ఇన్ఫర్మేషన్ లెన్స్’ 1987లో అచ్చయిన వ్యాసంతో ప్రసిద్ధమైంది. ప్రోగ్రాం రాయనక్కర్లేదు, ఉత్తరం నమూనాలో ఉన్న గళ్లు నింపితే చాలు. ఇవాళ ఏ మెయిల్ ప్రోగ్రాంలో ఫిల్టర్ కిటికీ తెరిచినా కనిపించే ఆకారం అదే. దీనికి పూర్తిగా ఎదురుదారి 1990లో స్టీఫెన్ వాన్ డెన్ బర్గ్ రాసిన ప్రాక్‌మెయిల్. బలం అపారం, కానీ దాని నియమాల ఫైలు చూస్తే కోడిగీతల్లా ఉంటుంది. 1988లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ మొదలుపెట్టిన యుడోరా, 1990లో న్యూజిలాండ్ నుంచి డేవిడ్ హారిస్ ఉచితంగా ఇచ్చిన పెగాసస్ మెయిల్, మొదటి దారినే బల్ల మీది కంప్యూటర్లకు తెచ్చాయి.

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది. గంటల లెక్కన కొనుక్కునే టెలిఫోన్ కనెక్షన్ అది. కనుక లైను కలిపి మెయిలంతా దింపుకుని, లైను తెంపేసి తీరిగ్గా చదువుకోవడం అలవాటైంది. ఆ పద్ధతికి బల్ల మీది మెయిల్ ప్రోగ్రామే సరిపోయేది.

2001 జనవరిలో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3028గా సీవ్ అనే నియమాల భాష వచ్చింది. జల్లెడ అని అర్థం. ఇది సర్వర్‌లోనే పనిచేస్తుంది. 2002లో పాల్ గ్రాహమ్ వ్యాసం తర్వాత మాటల సంభావ్యతను లెక్కగట్టి చెత్తను పట్టే పద్ధతి అందరికీ చేరింది. 2004 డిసెంబరులో వచ్చిన థండర్‌బర్డ్ 1.0 ఆ చెత్త పట్టే యంత్రాన్నీ, మనిషి రాసే ఫిల్టర్‌నూ పక్కపక్కనే ఉంచింది.

నియమం రాసే తీరు

థండర్‌బర్డ్‌లో టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ ఉంటుంది. కొత్తది తెరిచి పేరు పెట్టాలి. ఆ తర్వాత అన్ని షరతులూ నెగ్గాలా, ఏదో ఒకటి నెగ్గితే చాలా అన్నది ఎంచుకోవాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నరసరావుపేటలో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకోండి. పిడుగురాళ్ల సున్నం బట్టీల ఖాతాదార్లు పదిమంది ఉంటారు. ఆ పది చిరునామాలనూ రాసి ‘అన్నీ’ అని ఎంచుకుంటే ఒక్క మెయిలూ ఆ ఫోల్డర్‌కు రాదు. ఒకే ఉత్తరం పదిమంది నుంచి రాదు కదా. అక్కడ ‘ఏదో ఒకటి’ కావాలి.

ఫిల్టర్లు పైనుంచి కిందికి వరసగా నడుస్తాయి. పల్నాడులో దీన్ని వివరించడం సులువు. సాగర్ కుడి కాలువ మీద ఎగువ తూములు తెరిచినంత తెరిస్తే చివరి భూములకు నీళ్లు అందవు. పై ఫిల్టర్ మెయిల్‌ను వేరే ఫోల్డర్‌కు తరలించి ‘ఇక్కడితో ఆపు’ అంటే కింది ఫిల్టర్ దాన్ని చూడనే చూడదు. అందుకే బ్యాంకు, జీఎస్టీ లాంటి ఇరుకు షరతులు పైన, ‘ఆఫర్’ లాంటి వెడల్పు షరతులు అడుగున ఉండాలి. రాసిన ఫిల్టర్‌ను పాత మెయిళ్ల మీద ‘రన్ నౌ’తో ఒకసారి నడిపి చూడటం మంచిది. కొత్త ఫిల్టర్‌కు మొదటి రోజే తొలగించే పని అప్పగించడం మాత్రం మూర్ఖత్వం. కొన్నాళ్లు ఒక ఫోల్డర్‌కు మళ్లించి, ఏమేం పడుతున్నాయో చూశాకే ఆ అధికారం ఇవ్వాలి.

థండర్‌బర్డ్ లాంటి బల్ల మీది ప్రోగ్రాంలో రాసిన ఫిల్టర్ ఆ ప్రోగ్రాం తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఆఫీసు కంప్యూటర్ కట్టేసి ఇంటికెళ్తే ఫోన్‌లో మెయిలంతా కలగాపులగంగానే కనిపిస్తుంది. సర్వర్‌లో రాసిన నియమానికి ఈ బాధ లేదు.

ఇంకో మాట. పంపినవారి చిరునామా అనేది పంపినవారు రాసుకున్నదే. ఇన్‌ల్యాండ్ కవరు వెనక ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు. మెయిల్‌లోనూ అంతే. బ్యాంకు పేరు కనబడగానే ‘ముఖ్యమైనవి’లో వేసే ఫిల్టర్, దొంగ మెయిల్‌ను కూడా పీట వేసి కూర్చోబెడుతుంది.

తెలుగు రాత, ఫిల్టర్

యూనికోడ్‌లో తెలుగు 1991లో తొలి కూర్పులోనే చేరింది. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఇంగ్లీషు కాని అక్షరాలు మెయిల్‌లో వెళ్లే దారి వేసింది. అయితే మెయిల్ శీర్షిక భాగంలో పాత యంత్రాల కోసం అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల, అంకెల మూటగా కట్టి పంపుతారు. ‘పల్నాడు’ అనే మూడక్షరాల మాటను యూనికోడ్ ఏడు సంకేతాలుగా చూస్తుంది. యూటీఎఫ్-8లో అది 21 బైట్లు, బేస్64లో మూట కడితే 28 అక్షరాలు. మూట విప్పి చూసే ప్రోగ్రాంకు తెలుగు సబ్జెక్ట్ దొరుకుతుంది, విప్పకుండా పైపైన వెతికే పాతకాలపు నియమానికి దొరకదు.

మూట విప్పినా పని పూర్తి కాదు. ‘కారంపూడి’ అని రాసేవాళ్లున్నారు, ‘కారెంపూడి’ అని రాసేవాళ్లున్నారు. పిడుగురాళ్ల, పిడుగురాళ్ళ. సత్తెనపల్లి, సత్తెనపల్లె. చదివేవాళ్లకు రెండూ ఒకటే ఊరు, ఫిల్టర్‌కు వేరువేరు ఊళ్లు. ‘పోస్ట్‌మాస్టర్’ అని విడదీసి రాయడానికి మధ్యలో కంటికి కనబడని సంకేతం ఒకటి పెడతారు. అది పెట్టినవారి మాట, పెట్టనివారి మాట ఫిల్టర్ దృష్టిలో కలవవు. ఏ మాట ఎన్ని రకాలుగా రాస్తారో తెలిసినవారు అన్ని రూపాలనూ ‘ఏదో ఒకటి’ కింద చేర్చుకోవాలి. లేదా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ముక్కను, ‘పిడుగురా’ వరకే రాసి వదిలేయాలి. ముక్క మరీ చిన్నదైతే మళ్లీ నరసన్నపేట వచ్చి నరసరావుపేట ఫోల్డర్‌లో కూర్చుంటుంది.

కొందరు దీనికి తపాలావారి మందే వాడతారు. మెయిల్ చివర చిరునామా రాసే అలవాటున్న ఆఫీసులతో వ్యవహారమైతే ఒంట్లో, అంటే మెయిల్ పాఠంలో, 522601 ఉందా అని వెతికే షరతు పెడతారు. దానికి మెయిల్ పాఠమంతా కంప్యూటర్‌లోకి దిగి ఉండాలి, శీర్షికలు మాత్రమే దింపుకుంటే కుదరదు. అంకెకు గుడి లేదు, సుడి లేదు, ఒత్తు లేదు. కానీ చాలామంది మూడంకెల తర్వాత ఖాళీ వదిలి ‘522 601’ అని రాస్తారు. ఆ రూపం కూడా రెండో షరతుగా రాసుకోవలసిందే.