ఖాళీ చేతులతో తిరిగివచ్చినవారు



విశాఖపట్నం వెళ్ళివచ్చే మనలో చాలామంది కంచరపాలెం వైపు 'బర్మా క్యాంపు' అనే పేరు వినే ఉంటారు. బర్మా నుండి వచ్చిన తెలుగువారికి ఆ నగరం నిలువనీడ ఇచ్చిన చోటు అది. ఆ కథకు మొదలు మన తీరంలోనే ఉంది.

బ్రిటిషువారి కాలంలో కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవుల నుండి మనవాళ్ళు ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. అక్కడ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరుమీద వాళ్ళను 'కొరంగీలు' అని పిలిచేవారు. శ్రీకాకుళంలో పరిచర్య చేసిన కెనడా బాప్టిస్టు మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు, తరువాత బర్మా వెళ్ళి ఈ తెలుగువారి మధ్యనే సేవ చేశారు.

1930 మే నెలలో రంగూన్ రేవు పనుల దగ్గర రేగిన అల్లర్లలో తెలుగు కూలీలు ఎందరో చనిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది కొండలు, అడవులు దాటి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలోనే కన్నుమూసినవారు వేలమంది. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాయి, 50, 100 చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. ఒక తరం కష్టార్జితం చిత్తుకాగితమైంది. ఆ ఏళ్ళలో దాదాపు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. వారిలో మనవాళ్ళను పత్రికలు, ఆఫీసులు 'బర్మా కాందిశీకులు' అన్నాయి. అక్కడ కొరంగీలు, ఇక్కడ బర్మావాళ్ళు!

బైబిలులో నయోమి కూడా ఇలాగే వచ్చింది. నిండుగా వెళ్ళి ఖాళీ చేతులతో బేత్లెహేము చేరింది. ఊరివాళ్ళు ఆమెను ఆనవాలు పట్టడానికే తడబడ్డారు. ఆ ఇంటిని నిలబెట్టింది ఒట్టి జాలి కాదు. పొలం అంచులు కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ముందే చెప్పింది. అందుకే రూతు పరిగె ఏరుకోగలిగింది. బోయజు దయ ఆ చట్టంమీద నిలబడింది.

ఆదరించడమంటే ఇదే. కన్నీళ్ళు ఒక పూటకు, చోటూ పనీ బ్రతుకంతటికీ. బర్మా, శ్రీలంకల నుండి వచ్చినవారికోసం 1969లో రెప్కో బ్యాంకు మొదలైంది. విశాఖలో శిబిరం కాస్తా పేటయింది. అక్కడ పుట్టిన పిల్లలకు విశాఖే సొంతూరు.

2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లో చిక్కుకున్న మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగివచ్చారు. ఆ రోజుల్లో సొంతవాళ్ళు రాకుండా దారికి ముళ్ళకంప అడ్డువేసిన ఊళ్ళూ ఉన్నాయి, అన్నం వండి పంపిన ఊళ్ళూ ఉన్నాయి. రేపు చెన్నై నుండో హైదరాబాద్ నుండో ఒక కుటుంబం అప్పులతో రావివలసలో దిగవచ్చు. వాళ్ళకు ఆదివారం ప్రార్థన ఒక్కటే చాలదు. సోమవారం పని కావాలి, పిల్లలకు బడి కావాలి, తలదాచుకోను ఇల్లు కావాలి.

ప్రియులారా, మన పొలాల్లో, మన తోటల్లో, మన జీతాల్లో అంచులు విడిచిపెడుతున్నామా? ఎవరైనా రాకముందే విడిచిపెట్టవలసినవి అవి.

ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమెన్.