రాచ్‌డేల్ దుకాణం పైగది

సహకార సంఘంలో పనిచేసినవారికి రాచ్‌డేల్ పేరు కొత్త కాదు. ట్రైనింగుకు పోతే మొదటి రోజే చెప్తారు. 1844 డిసెంబరు 21న ఇంగ్లాండులో, టోడ్ లేన్ అనే వీధిలో 28 మంది కలిసి తెరిచిన దుకాణం అది. తలకొక పౌను వాటా. అదీ వారం వారం రెండు మూడు పెన్నీలు కూడబెట్టిందే. పిండి, వెన్న, పంచదార, కొన్ని కొవ్వొత్తులు, సరుకు అంతే. వాళ్లలో ఉన్నిబట్ట నేసేవాళ్లు ఉన్నారు, కూలి పెంచమని అడిగి ఓడిపోయినవాళ్లు. మనవాళ్లే అనుకోండి.

కల్తీ లేని సరుకు, మనిషికొక ఓటు, కొన్నదాన్నిబట్టి లాభం పంపకం, ట్రైనింగులో ఇంతవరకే చెప్పి వదిలేస్తారు. నాకు అంతకంటె పెద్దదిగా కనపడేది వాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం. దుకాణానికి ముందు నెలల తరబడి చేరి వాదించుకున్నారు. ఓటు హక్కు వస్తేనే బతుకు మారుతుందనే చార్టిస్టులు, రాబర్ట్ ఓవెన్ మాట నమ్మినవాళ్లు, మద్యం మానాలనేవాళ్లు, అందరిదీ ఒక దారి కాదు. అయినా కలిసి కూర్చున్నారు.

దుకాణం కుదురుకున్నాక పైగదిలో పేపర్లు, పుస్తకాలు పెట్టారు. అక్కడ 1855 దాకా పత్రిక మీద స్టాంపు పన్ను ఉండేది, కూలివాడు సొంతంగా కొనలేడు. ఒక్క కాపీనే పదిమంది చదవాలి, దానిమీద మాటలు సాగాలి. తర్వాత లాభంలో నూటికి రెండున్నర చదువుకని రూలు రాసుకున్నారు. మన సహకార చట్టాల్లోనూ విద్యానిధి ఉంది. డబ్బు కడుతున్నాం, ఆ గది మాత్రం తెచ్చుకోలేదు.

అలాంటి చోటు మనకు లేక కాదు. పడుగు వీధిలో చాపి గంజి పెట్టేటప్పుడు తెల్లారకముందే నాలుగైదు ఇళ్లవాళ్లు చేరేవారు. ఒంటరిగా అయ్యే పని కాదు గదా. ఏ నూలుకు గంజి ఎంత చిక్కగా ఉండాలో, ఏ షావుకారు తూకంలో కోస్తాడో పిల్లలకు అక్కడే తెలిసేది. గంజి పెట్టిన పడుగు రెడీగా వస్తున్నాక ఆ చేరడం పోయింది. పని తేలికయింది, దానికి నేను వ్యతిరేకిని కాను. ఇప్పుడు కలిసేది మహాజన సభలోనే. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు సంతకం పెట్టి టీ తాగి పోతారు. లెక్కలో ఏముందని అడగాలని ఉంటుంది, వందమందిలో లేవడానికి సిగ్గు. పదిమందిలో అయితే అడుగుతారు.

కాబట్టి నెలకొక సాయంత్రం, పదిమందికి మించకుండా, ఏ ఇంటి వసారాలోనైనా కూర్చోవచ్చు. ఆడవాళ్లూ రావాలి, కండెలు చుట్టేది వాళ్లే. కార్యదర్శి ఆఖర్న మాట్లాడాలి. మొదటిసారికి నూలు బిల్లు ఒక్కటి చాలు. అందులో ప్రతి వరుసా అందరికీ అర్థమయ్యేదాకా రెండో కాగితం తీయొద్దు.