అత్తిబెలె దాటితే టోపీ మారేది

హోసూరులో బస్సెక్కి బెంగుళూరు పోయేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. జూజువాడి దాటి అత్తిబెలె వచ్చేసరికి బోర్డుల మీద తమిళం పోయి కన్నడం వస్తుంది. మొన్నమొన్నటి దాకా దాంతోపాటు పోలీసు టోపీ కూడా మారేది. అక్కడి కానిస్టేబుల్ వెడల్పాటి అంచున్న హ్యాటు పెట్టుకొని, ఒక పక్క అంచును పైకి మడిచి నిలబెట్టేవాడు. దాన్ని స్లౌచ్ హ్యాటు అంటారు. ఆస్ట్రేలియా సైన్యం, మన గూర్ఖా దళాలు వాడేది కూడా ఇట్లాంటిదే. భుజం మీదికి తుపాకీ ఎత్తినప్పుడు అంచుకి తగలకుండా అట్లా మడిచేవాళ్ళంట. ట్రాఫిక్‌లో నిలబడే కానిస్టేబుల్‌కి ఆ మడతతో ఏం పని అని నాకు చిన్నప్పటినుంచీ అనుమానం.

అసలు పోలీసుకి ఈ దొరల వేషం ఎట్లా వచ్చింది?

మన కృష్ణగిరి పక్క బారామహల్ సీమ 1792లో, శ్రీరంగపట్నం ఒప్పందంతో, టిప్పు సుల్తాన్ నుంచి కంపెనీ చేతికి పోయింది. హోసూరు పక్క 1799లో పోయింది. అప్పటికి ఊరికి కాపలా తలారిదే. తలగుడ్డ, చేతికర్ర, అంతే. 1816 చట్టాల తరువాత మద్రాసు రాజధానిలో పోలీసు పని కలెక్టరు కింద తహసీల్దారు చేతికి వచ్చింది. తహసీల్దారు దగ్గర ఇత్తడి బిళ్ళ పెట్టుకొని తిరిగే బంట్రోతులు ఉండేవాళ్ళు. 'బిళ్ళ బంట్రోతు' అనే మాట మన తెలుగులో అట్లా నిలిచిపోయింది. శిస్తు వసూలుకి వచ్చేదీ, దొంగని పట్టేదీ ఆ మనుషులే.

చిక్కంతా అక్కడే వచ్చింది. శిస్తు కట్టలేని రైతుని ఎండలో నిలబెట్టేవాళ్ళు. మెడకి తాడు వేసి, దాన్ని కాలివేళ్ళకి బిగించి వంచేవాళ్ళు. రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కేవాళ్ళు, దానికి కిట్టి అని పేరు. ఈ సంగతి లండన్ పార్లమెంటు దాకా పోయింది. విచారణకి కమిషన్ వేసినారు. 1855లో ఆ కమిషన్, హింస నిజమే అని రిపోర్టు ఇచ్చింది. మన తాతముత్తాతల కాలంలో, తెలుగు, తమిళ రైతులకి జరిగిన కథ ఇది. పాఠాల్లో 1857 గురించి ఎంతో చదువుతాం గాని దీని గురించి ఒక్క ముక్క రాదు.

శిస్తునీ పోలీసునీ వేరు చేయాలని 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చినారు. కొత్త పోలీసుకి మొదటి అధిపతి విలియం రాబిన్సన్. ఐర్లండ్ పోలీసు పద్ధతిని చూసి ఈ దళాన్ని కట్టినారు. దేశమంతటికీ వచ్చిన పోలీసు చట్టం 1861ది, అంటే మనకంటే రెండేళ్ళు వెనక. బట్టలు వేరుగా ఉంటే, వచ్చినవాడు శిస్తు మనిషా పోలీసా అని జనానికి చూడగానే తెలుస్తుంది. యూనిఫాం వల్ల వచ్చిన మేలు ఇదే అని నాకు అనిపిస్తుంది.

ఖాకీ మాత్రం సైన్యం నుంచి వచ్చింది. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి తన గైడ్స్ దళానికి మట్టిరంగు బట్టలు వేయించినాడు. ఉర్దూలో, పారసీలో ఖాక్ అంటే దుమ్ము. ఆ రంగు పోలీసుకి తరువాత వచ్చింది. కలకత్తా నగర పోలీసు ఇప్పటికీ తెల్లబట్టలే వేస్తారు.

టోపీలో మాత్రం ఎక్కువతక్కువలు మిగిలిపోయినాయి. దొర అధికారికి జీలుగు బెండుతో చేసిన సోలా టోపీ, నిండు ప్యాంటు. కింద కానిస్టేబుల్‌కి తలపాగా, నిక్కరు. పాత సినిమాల్లో ఆ నిక్కరు పోలీసుల్ని చూసి మనం నవ్వుతాం గాని, నడివయసు మనిషిని నిక్కరుతో నిలబెట్టడం నవ్వే సంగతి కాదు.

ఫ్రెంచివాళ్ళ టోపీ కావాలంటే కాకినాడ దగ్గర యానాం పోవాలి. 1954లో ఫ్రెంచి పాలన పోయినా, యానాం పుదుచ్చేరి కిందే ఉంది కాబట్టి, తెలుగు ఊర్లో ఇప్పటికీ ఎర్రని కెపీ టోపీ కనిపిస్తుంది.

కర్ణాటకలో కూడా అధికారులకి పీక్ క్యాపు, కానిస్టేబుళ్ళకి స్లౌచ్ హ్యాటు అని వేరువేరుగా ఉండేది. తోపులాటలో ఆ హ్యాటు నిలవదు, ఊడి పడిపోతుంది అని కానిస్టేబుళ్ళు చాన్నాళ్ళు మొరపెట్టుకున్నారు. 2025 అక్టోబరులో దాన్ని తీసేసి, తెలంగాణ పోలీసుది చూసి నేవీ బ్లూ పీక్ క్యాపు ఇచ్చినారు. ఈసారి అత్తిబెలెలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూడండి.