పిన్‌కోడ్ ఆధారిత విక్రయ ప్రాంతాల పటం

ఒక సంస్థ తన సరకు అమ్ముడయ్యే ప్రదేశాన్ని విక్రయ ప్రతినిధుల మధ్య పంచడానికి పిన్‌కోడ్‌లను ఆధారంగా చేసుకొని తయారుచేసే పటాన్ని పిన్‌కోడ్ ఆధారిత విక్రయ ప్రాంతాల పటం అంటారు. ఏ దుకాణం ఎవరి పరిధిలోనిదో, దాని అమ్మకంపై కమీషను ఎవరికి చెందవలెనో ఈ పటాన్ని బట్టి నిర్ణయిస్తారు. కనుక గీతలో పొరపాటు జరిగితే ఒకరి కష్టానికి ఫలితం మరొకరికి చేరుతుంది.

పిన్‌కోడ్ స్వభావం

భారతదేశంలో ఆరు అంకెల పిన్‌కోడ్ విధానం 1972 ఆగష్టు 15న ప్రవేశపెట్టబడినది. మొదటి అంకె తపాలా జోన్‌ను, మొదటి మూడు అంకెలు కలిసి సార్టింగ్ జిల్లాను, చివరి మూడు బట్వాడా కార్యాలయాన్ని సూచిస్తాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సంఖ్యలు 50 నుండి 53 వరకు గల అంకెలతో మొదలవుతాయి. 9తో మొదలయ్యేవి సైనిక తపాలాకు చెందినవి కాబట్టి వాటిని పటంలో చేర్చరాదు.

ఈ సంఖ్యలు ఉత్తరాల బట్వాడా కోసం ఏర్పడినవే గాని పరిపాలనా సరిహద్దుల కోసం కాదు. ఇందుకు యానాం చక్కని ఉదాహరణ. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది, కాని దాని పిన్‌కోడ్ 533464. మొదటి అంకెలు మాత్రమే చూసి విభజిస్తే యానాం గోదావరి జిల్లాలతో కలిసిపోతుంది. ప్రతినిధి తిరగడానికి అదే అనుకూలం, పన్ను లెక్కలకు మాత్రం విరుద్ధం. అలాగే 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్ర ప్రదేశ్‌లో కలిసిన పోలవరం ముంపు మండలాల చిరునామాలలో అప్పటికి ఉన్నవి 507తో మొదలయ్యే సంఖ్యలే. రాష్ట్రం మారినంత మాత్రాన పిన్‌కోడ్ దానంతటదే మారదు.

తయారుచేసే విధానం

మొదట బిల్లులలోని చిరునామాల నుండి పిన్‌కోడ్‌లను వేరుచేసి, ఆరు అంకెలు లేనివాటిని సరిచేయాలి. తరువాత ఒక్కొక్క పిన్‌కోడ్‌కు ఖాతాదారుల సంఖ్యను, అమ్మకాల మొత్తాన్ని కూడాలి. ఈ పట్టికను సరిహద్దుల దస్త్రంతో జతచేసి, ఒకే ప్రతినిధికి కేటాయించిన పిన్‌కోడ్‌లను క్యూజిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకే ప్రాంతంగా కలపవచ్చును.

చిక్కంతా సరిహద్దుల దగ్గరే. అధికారిక సరిహద్దులు దొరకని కాలంలో తపాలా కార్యాలయాలను బిందువులుగా గుర్తించి, ప్రతి స్థలాన్నీ దానికి అతి దగ్గరి బిందువుకు చేర్చేవారు. ఈ పద్ధతిని వొరొనోయ్ విభజన అంటారు. దీనికి నదులు, కొండలు తెలియవు. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న ఊరు గీతలో దగ్గరే, వంతెన మీదుగా వెళ్ళేవానికి ఎంతో దూరం. తపాలా శాఖ 2025లో దేశవ్యాప్త పిన్‌కోడ్ సరిహద్దులను ప్రభుత్వ బహిరంగ దత్తాంశ వేదికలో ఉంచడంతో ఈ అవసరం చాలావరకు తగ్గినది.

విస్తీర్ణంతో పొరపాటు

పల్లెలలో అనేక శాఖా తపాలా కార్యాలయాలు ఒకే పిన్‌కోడ్‌ను వాడుతాయి. అందువలన మన్యంలోని ఒక పిన్‌కోడ్ పటంలో విశాలంగా కనిపిస్తుంది, హైదరాబాదు నగరంలోనిది చుక్కంత ఉంటుంది. రంగులు చూసి పెద్ద ప్రాంతం దక్కినవాడే అదృష్టవంతుడనుకోరాదు. సమాన విభజనకు ఖాతాదారుల సంఖ్య, ప్రయాణానికి పట్టే సమయం ముఖ్యం.

ఇతర దేశాలలో

అమెరికాలో 1963లో మొదలైన జిప్ కోడ్ కూడా బట్వాడా మార్గాల సముదాయమే. అక్కడి జనగణన సంస్థ 2000 జనగణన నుండి జిప్ కోడ్‌లకు దాదాపు సరిపోయే ప్రాంతాలను స్వయంగా రూపొందించి ప్రచురిస్తున్నది. కొన్ని జిప్ కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి. స్ప్రెడ్‌షీటులో వాటిని అక్షరాలుగా కాక అంకెలుగా నమోదు చేస్తే ఆ సున్నా మాయమై, ఖాతాదారులు పటంలో ఎక్కడా కనబడకుండా పోతారు.