జవాబు రాని ప్రశ్న, ఏడు రోజుల జైలు

1905 అక్టోబరు 13. మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాలు లిబరల్ పార్టీ జనంతో కిక్కిరిసిపోయింది. కన్సర్వేటివ్‌ల పని అయిపోయిందని, రేపోమాపో గద్దె తమదేనని వాళ్లకు గట్టి నమ్మకం. వేదిక మీద ప్రధాన వక్త సర్ ఎడ్వర్డ్ గ్రే. అదే వేదిక మీద ముప్ఫై ఏళ్ల విన్‌స్టన్ చర్చిల్ కూడా ఉన్నాడు.

కింద జనం మధ్య ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. క్రిస్టబెల్ పాంఖర్స్ట్‌కు పాతికేళ్లు, న్యాయశాస్త్రం చదువుతోంది. ఆనీ కెన్నీకి ఇరవై ఆరు. పదేళ్లకే నూలు మిల్లులో సగం రోజు కూలికి వెళ్లి, ఆ యంత్రాల్లోనే ఒక వేలు పోగొట్టుకుంది. ‘లిబరల్ పార్టీ ఆడవాళ్లకు ఓటు హక్కు ఇస్తుందా?’ అని పెద్ద బ్యానరు రాయించి, బాల్కనీ నుంచి వేలాడదీయాలనుకున్నారు. బాల్కనీలో సీట్లు దొరకలేదు. కింద అంత పొడుగు గుడ్డ విప్పడం కుదరదని, ‘ఆడవాళ్లకు ఓటు’ అన్న ముక్క మాత్రం కత్తిరించి వెంట తెచ్చుకున్నారు. ఉద్యమం ఆ తర్వాత దేశమంతా మోసిన నినాదం ఆ ముక్కే.

ప్రసంగం అయ్యాక మగవాళ్లు ప్రశ్నలు అడిగారు, జవాబులు వచ్చాయి. అప్పుడు ఆనీ లేచి అడిగింది. ఎవరూ పలకలేదు. పక్కనున్నవాళ్లు ఆమెను లాగి కూర్చోబెట్టారు. సభ నిర్వాహకుల్లో ఒకాయన తన టోపీతో ఆమె ముఖం అదిమిపెట్టాడు. క్రిస్టబెల్ లేచి అదే ప్రశ్న వేసింది. గోల మొదలైంది. ప్రశ్న కాగితం మీద రాసిస్తే అందజేస్తానని నగర పోలీసు అధికారి చెబితే రాసిచ్చారు. ఆ కాగితం గ్రే చేతికి వెళ్లింది, వేదిక మీద చేతులు మారింది. జవాబు మాత్రం రాలేదు. ఆనీ మళ్లీ లేచింది. ఈసారి నిర్వాహకులు, పోలీసులు కలిసి ఇద్దరినీ బయటికి ఈడ్చేశారు. వాళ్లను గెంటేశాక గ్రే జరిగినదానికి విచారం తెలిపి, ఇది పార్టీ విషయం కాదు గనుక ఇక్కడ మాట్లాడనన్నాడు.

ఆ నాలుగు మాటలు ముందే అని ఉంటే సరిపోయేది కదా! సభకు భంగం కలిగించారన్నది వాళ్ల మీద పడ్డ నింద. కానీ వరస చూడండి: అడిగారు, జవాబు లేదు, రాసిచ్చారు, జవాబు లేదు, అప్పుడు అరిచారు. పోలీసు చెయ్యి పడింది ఆ చివరి మెట్టు దగ్గర. అంతకు ముందు వేదిక మీద జరిగినదాన్ని ఏ చట్టమూ లెక్కలోకి తీసుకోదు. సభల మీద పోలీసు బలప్రయోగం చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

చేతులు పట్టి ఉంచితే క్రిస్టబెల్ పోలీసు మీద ఉమ్మింది. చట్టం చదివిన పిల్ల. అది దాడి కిందికి వస్తుందని, అరెస్టు తప్పదని తెలిసే చేసింది. జరిమానా కట్టండి, లేదా జైలుకు వెళ్లండి అంది కోర్టు. తల్లి ఎమ్మెలీన్ డబ్బు కడతానన్నా ఒప్పుకోలేదు. క్రిస్టబెల్‌కు ఏడు రోజులు, ఆనీకి మూడు రోజులు స్ట్రేంజ్‌వేస్ జైలు. అంతవరకూ మహిళా ఓటును పట్టించుకోని పత్రికలు ఈ అరెస్టులతో ఒక్కసారిగా అటు తిరిగాయి.

ఆ హాలు కట్టిన స్థలానికి అంతకుముందే నెత్తుటి చరిత్ర ఉంది. అది సెయింట్ పీటర్స్ ఫీల్డ్. 1819 ఆగస్టు 16న పార్లమెంటు సంస్కరణలు కోరుతూ హెన్రీ హంట్ ప్రసంగం వినడానికి వేలాదిగా జనం చేరితే, గుర్రపు దళం కత్తులతో మీద పడింది. కనీసం 15 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఆనాడు మాట్లాడేవాణ్ణి పట్టుకోవడానికి విన్నవాళ్లను నరికారు.

1905 తర్వాత లిబరల్ మంత్రుల సభల్లో చాలావాటికి ఆడవాళ్లను రానివ్వడమే మానేశారు. 1908 డిసెంబరులో సభల్లో అల్లరి చేయడాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. తలుపులు మూస్తే వాళ్లు కప్పులెక్కారు. 1909 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో ప్రధాని ఆస్క్విత్ సభ జరుగుతుంటే మేరీ లీ, షార్లెట్ మార్ష్ పక్క భవనం మీదికెక్కి, గొడ్డళ్లతో పెంకులు ఊడదీసి విసిరారు. నీళ్ల గొట్టాలతో కొట్టి కిందికి దించారు. జైల్లో నిరాహార దీక్షకు కూర్చుంటే బలవంతంగా తిండి ఎక్కించారు. పెంకులు విసరడాన్ని నేను సమర్థించను. తలుపు ఎవరు మూశారో మరిచిపోవడమూ నా వల్ల కాదు.

వాళ్లడిగిన ఓటు బ్రిటన్‌లో 1918లో ముప్ఫై దాటిన కొందరికి, 1928లో మగవాళ్లతో సమానంగా వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తి అర్హత ఉన్న ఆడవాళ్లకు 1921లోనే ఆ దారి తెరుచుకుంది.

మరి పోలీసులు రావలసినచోట వచ్చారా? 1934 జూన్ 7న లండన్ ఒలింపియా హాల్లో ఫాసిస్టు నాయకుడు ఆస్వాల్డ్ మోస్లే సభ పెట్టాడు. ఎవరైనా కేక వేస్తే మోస్లే ప్రసంగం ఆపేవాడు, దీపాల వెలుగు ఆ మనిషి మీదికి తిరిగేది, నల్లచొక్కాల దళం చుట్టుముట్టి చితకబాది బయట పడేసేది. పోలీసులు ఎక్కువమంది బయటే ఉండిపోయారు. ప్రైవేటు సభలోకి పిలవనిదే వెళ్లే అధికారం పోలీసులకు లేదని ప్రభుత్వం సమర్థించుకుంది. ఆ ఆగస్టులోనే వేల్స్‌లో కేరౌ అనే ఊళ్లో, ప్రభుత్వ బిల్లును నిరసిస్తూ వామపక్షం వాళ్లు సభ జరుపుకుంటే పోలీసులు లోపలికొచ్చి కూర్చున్నారు, పొమ్మన్నా పోలేదు. శాంతిభద్రతలకు భంగం కలుగుతుందని అనుమానం ఉంటే అలా వెళ్లవచ్చని 1935లో కోర్టు తీర్పిచ్చింది. నెత్తురు కారినచోట లేదన్న అధికారం, ఏ గొడవా జరగనిచోట ఉందని తేలింది.

క్రిస్టబెల్, ఆనీల అరెస్టుకు దాదాపు వందేళ్ల తర్వాత, 2005 సెప్టెంబరులో బ్రైటన్‌లో లేబర్ పార్టీ మహాసభ జరిగింది. విదేశాంగ మంత్రి జాక్ స్ట్రా ఇరాక్ యుద్ధాన్ని సమర్థిస్తుంటే, వాల్టర్ వోల్ఫ్‌గాంగ్ కూర్చున్నచోటి నుంచే ‘అర్థంలేని మాటలు’ అని అరిచాడు. ఆయనకు 82 ఏళ్లు. నాజీల జర్మనీ నుంచి పిల్లవాడిగా తప్పించుకొచ్చిన యూదుడు, లేబర్ పార్టీలో దశాబ్దాలుగా సభ్యుడు. వాలంటీర్లు రెక్క పట్టి బయటికి లాక్కెళ్లారు. తిరిగి రాబోతే పోలీసులు ఉగ్రవాద నిరోధక చట్టం పేరు చెప్పి ఆపారు. మర్నాడు ప్రధాని టోనీ బ్లెయిర్ క్షమాపణ చెప్పాడు. ముసలాయన చప్పట్ల మధ్య సభలోకి తిరిగొచ్చాడు. ఏడాది తిరక్కుండానే పార్టీ సభ్యులు ఆయనను తమ జాతీయ కార్యవర్గానికి ఎన్నుకున్నారు.